కారు రేడియోలో మూడు దెబ్బలు

జన్నారం దాటాక అడవిలో ఒక మలుపు ఉంది. రెండు వైపులా టేకు చెట్లు, రోడ్డు అంచున సున్నం కొట్టిన రాయి. ఆ మలుపులో మా కోడలు కారు ఆపి, లైట్లు ఆర్పి, లోపల ఒక్కతే కూర్చుని ఉందని మా వీధిలోనే ఉండే వాడకట్టు ఆమె వచ్చి నాకు చెప్పింది. ఖానాపూర్ నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి చూసిందట.

"బండి ఖరాబైందేమో అనుకున్న వదినా. చెయ్యి ఊపిన. నా దిక్కు చూడనే లే. ముందటికి వంగి, చెవి పెట్టి ఏదో ఇంటున్నట్టు కూసున్నది."

"అడివిల ఏం ఇంటది?"

"నాకేం ఎరుక? నువ్వే అడుగు. గానీ నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు."

నేను ఆమె చెప్పిందనే చెప్పి అడిగాను. నాకు డొంకతిరుగుడు మాటలు రావు.

కోడలు ఆ వేళ టిఫిన్ డబ్బా కడుగుతోంది. ఆమె ఖానాపూర్ దాటి ఒక ఊళ్లో ఆస్పత్రిలో నర్సు. మేముండేది నస్పూర్‌లో. పొద్దున్నే లేచి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా కారు నడుపుకుంటూ డ్యూటీకి పోతుంది, పొద్దు గూకే వేళకు తిరిగి వస్తుంది. ఇంట్లో మేమిద్దరమే. నా కొడుకు చనిపోయాక హుస్నాబాద్ నుంచి వాళ్ల అమ్మానాన్న వచ్చి పిలిచారు. నేను కూడా పొమ్మనే అన్నాను. పోలేదు. ఎందుకు పోలేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"రేడియో మంచిగ పలుకుతలేదు అత్తమ్మా. గందుకే ఆపిన," అంది.

"రేడియో పలకకుంటె రేడియో బంద్ పెడ్తరు. బండి ఆపుతరా ఎవలన్న?"

డబ్బాలో నీళ్లు పారబోసి బోర్లించింది. తర్వాత మెల్లగా అంది: "ఒకసారి నువ్వు వచ్చి ఇను. ఇని నాకు చెప్పు, నేను పిస్సదాన్నైతున్ననో, నిజంగనే సప్పుడు వస్తున్నదో."

మరునాడు నేనూ కారెక్కాను.

ఆ కారు నా కొడుకు కరీంనగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బాయిలో వాడిది ఎలక్ట్రీషియన్ పని. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటాం. ఏ వస్తువు ఇంటికి తెచ్చినా విప్పి, వైర్లు తన ఇష్టం వచ్చినట్టు మళ్లీ కలిపితే గానీ వాడికి నిద్ర పట్టేది కాదు. ఈ కారులో రేడియో కూడా వాడే బిగించాడు. స్టీరింగు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆదిలాబాద్ స్టేషన్ పెట్టుకుని, పాట రాకపోయినా రైతుల ముచ్చట్లు వింటూ పోయేవాడు. కోడలు ఆ స్టేషన్ ముల్లును అక్కడి నుంచి కదపలేదు.

నస్పూర్‌లో పాట సగం వచ్చింది, సగం రాలేదు. లక్షెట్టిపేట దాటాక బుస్సుమనే చప్పుడు మొదలైంది. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే గరగర, దాని కింద ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడు. వరి గురించే మాట్లాడుతున్నాడేమో. బొందలో శవాన్ని పెట్టి మట్టి పోశాక లోపలి నుంచి మాట్లాడినట్టు ఉంది. అలా అనకూడదు, కానీ నాకు అలాగే తోచింది.

పగలంతా ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో మబ్బు పట్టింది. అడవిలోకి వచ్చేసరికి వెలుతురు బూడిద రంగుకు తిరిగింది. గరగర పెరిగింది. మనిషి గొంతు పూర్తిగా మునిగిపోయింది. నేను రేడియో బంద్ చేయబోతే కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. వస్తది."

మలుపులో తెల్ల రాయి కనిపించింది. అప్పుడు వచ్చింది.

ట్టక్, ట్టక్, ట్టక్. ఆగింది. ట్టక్, ట్టక్, ట్టక్.

కోడలు కారు ఆపింది. లైట్లు ఆర్పింది. ఇంజను కూడా ఆర్పి, రేడియో పలికేంత వరకే తాళం తిప్పి ఉంచింది. ఇంజను ఆగితే చప్పుడు కూడా ఆగుతుందని నేను అనుకున్నాను. గరగర తప్ప మరేమీ లేకుండా కొంతసేపు గడిచింది. చెట్ల మీద గాలి కూడా లేదు. తర్వాత, ఆగి ఉన్న ఆ కారులో, మా ఇద్దరి మోకాళ్ల ముందు నుంచి, మళ్లీ మూడు. ఆగి, మళ్లీ మూడు.

 కోడలు నా ముఖంలోకి చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఇన్నవా?" అంది.

"ఇన్న."

"లెక్క పెట్టినవా?"

నేను జవాబు చెప్పేలోపే మలుపు తిరిగి కర్రల లారీ మీదికి వచ్చింది. హారన్, బ్రేకుల కేక, గాలి. మా కారు ఉయ్యాల తొట్టెలా ఊగింది. లారీ పక్క నుంచి జానెడు సందులో దూసుకుపోయి అవతల ఆగింది. డ్రైవర్ తల బయటికి పెట్టాడు.

"సావాలంటె యాడనన్న బాయిల దుంకుండ్రి! మా పానం ఎందుకు తీస్తరు?"

వాడు అన్నది నీళ్ల బాయి గురించి. మా ఇద్దరికీ వినిపించింది వేరే బాయి. కోడలు కారు స్టార్టు చేసింది.  ఆ సాయంత్రమే నాకు అర్థమైంది, ఆ చప్పుడు ఆగకపోతే ఈ పిల్ల ఏదో ఒక రోజు ఆ మలుపులోనే ఉండిపోతుందని.

లెక్క పెట్టినవా అని ఆమె ఎందుకడిగిందో చెప్పాలి.

నా పెనిమిటి బాయిలో తాడు లాగే ఇంజను దగ్గర పని చేశాడు. లోపలి వాళ్లు తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒకటి మోగితే ఆపాలి. రెండు మోగితే దించాలి. మూడు మోగితే లోపల మనుషులు ఎక్కారు, పైకి వస్తున్నారు, పైలంగా లాగాలి. ఆయన ఇంట్లో కూడా అదే భాష మాట్లాడేవాడు. అన్నం చాలంటే కంచం మీద ఒకటి కొట్టేవాడు. స్నానం చేసి బయటికి వస్తున్నానంటే తలుపు మీద మూడు. పోయేదాకా అలాగే ఉన్నాడు. ఆయన జాగాలో బాయి పనికి ఎక్కిన నా కొడుక్కు ఆ అలవాటు పాలతోనే వచ్చింది. వాడు ఇంటి గంట ఎప్పుడూ నొక్కలేదు. తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. అమ్మా వస్తున్నా అని అర్థం.

ఇంకొకటి కూడా ఉంది. బాయి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ భయం. అందుకని ఎవరి ఫోను వాళ్లు పైనే వదిలి దిగుతారు, స్కూటర్ డబ్బాలోనో, తెలిసిన హోటల్‌లోనో. పైకి రాగానే ఇంటికి ఒక మిస్డ్ కాల్. ఎత్తకూడదు, మాట్లాడకూడదు. ఒక్కసారి మోగి ఆగితే మనిషి పైకి వచ్చాడన్నట్టు. మా కాలనీలో షిఫ్టు ముగిసే వేళకు ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్లు పొయ్యి దగ్గర పని చేస్తున్నట్టే ఉంటారు, చెవి మాత్రం ఫోను మీద ఉంటుంది. ఒక్కో ఇంట్లో ఒక్కసారి మోగుతుంది, ఆ ఇంట్లో కుక్కర్ ఎక్కుతుంది.

ఆ రోజు మా ఇంట్లో మోగలేదు. లోపల పైకప్పు బండ జారి నా కొడుకు మీద పడింది. వాణ్ని పైకి తెచ్చారు, కానీ వాడు పైకి రాలేదు. అంతకు మించి దాని గురించి రాయను.

మేము క్రైస్తవులం. ప్రతి ఆదివారం చర్చికి పోతాం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రిస్తారని, కారు రేడియోలలో తిరగరని నాకు తెలుసు. అయితే నమ్మకపోవడం వేరు, వినిపించకపోవడం వేరు. నాకు వినిపించింది. మూడే వినిపించాయి.

"రేడియో బాగు చేయిద్దాం," అన్నాను ఇంటికి వచ్చాక.

"ఎందుకు? ఉండనియ్యి."

"లారోడు ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే ఉండనిచ్చేటోడా? షాపుకు రాకుంటె పొద్దుగాల నీ కారు టైరు ముందల పండుకుంట. నన్ను తొక్కుకుంటనే పో."

నేను పడుకుంటానని ఆమెకు తెలుసు. ఆమె సెలవు రోజున మంచిర్యాలలో కార్ల కరెంటు పనిచేసే షాపుకు పోయాం.

షాపాయన లావుపాటి మనిషి. నోట్లో వక్కపొడి. అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడతాడు, సగం తప్పుతాడు, తప్పినా సిగ్గుపడడు. నాకు అలాంటివాళ్లు నచ్చుతారు.

"యాంటినా పోయింది పెద్దమ్మా. చూడకుండనే చెప్తున్న."

"చూసే చెప్పు నాయినా. చూడకుండ చెప్పుడు నాకు కూడా వస్తది."

నవ్వి, చూశాడు. యాంటినా పుల్ల పైకి లాగాడు, చేతితో పట్టుకున్నాడు, వదిలాడు. పాత పుల్ల తీసి కొత్తది పెట్టాడు. పాట కొంచెం గట్టిపడింది, గరగర మాత్రం అలాగే ఉంది. రేడియో బయటికి లాగి దాని వెనుక వైరును బాడీ ఇనుముకు గీకి బిగించాడు. అదే గరగర. ఇంజను ఆర్పాడు. అదే గరగర. అప్పుడు వక్కపొడి ఉమ్మి వచ్చి కొంచెం శ్రద్ధగా కూర్చున్నాడు.

"ఇంజన్‌ల ఏం లేదు. బండిల ఇంకేదో కరెంట్ తింటున్నది. తినుకుంట లొల్లి చేస్తున్నది."

"గరగర ఒక్కటే కాదు," అన్నాను నేను. "అడివిల దెబ్బలు కొడ్తది. మూడు, మూడు."

ఆయన తేలిగ్గా చెయ్యి ఊపాడు. "గది సెల్‌ఫోన్ పెద్దమ్మా. కాల్ వచ్చే ముందల రేడియో గట్లనే టక్ టక్ అంటది. పాత డబ్బా ఫోన్‌లైతే మస్తు కొడ్తయి. అక్కా, నీ ఫోన్ రేడియో పక్కన పెడ్తవా?"

"నా ఫోన్ బంద్ చేసి చూసిన," అంది కోడలు. "అయినా కొట్టింది."

"రెండో ఫోన్ ఉన్నదా?"

"లేదు."

ఆమె ఆ మాట ఎంత తొందరగా అందో నేను గమనించాను. ఆయన గమనించలేదు. ఫ్యూజుల పెట్టె తెరిచి, రేడియో మోగుతుండగానే ఒక్కొక్క ఫ్యూజు పీకి చూడటం మొదలుపెట్టాడు. లైట్లవి పీకాడు, ఏమీ మారలేదు. వైపర్లవి పీకాడు, మారలేదు. ఇంకొకటి పీకాడు.

గరగర తెగిపోయింది. ఏదో తలుపు మూసినట్టు. ఆదిలాబాద్ స్టేషన్‌లో ఒక ఆడమనిషి జొన్న సంకటి ఎలా చేయాలో చెబుతోంది. ఆమె గొంతు మా పక్కన కూర్చుని చెప్పినంత శుభ్రంగా వచ్చింది. ఫ్యూజు మళ్లీ పెట్టాడు. గరగర. తీశాడు. సంకటి.

"దొరికిండు దొంగ! గిది సిగరెట్ ముట్టించే సాకెట్‌ది." వంగి చూశాడు. సాకెట్ ఖాళీగా ఉంది. చెయ్యి దాని వెనక్కి పోనిచ్చి తడిమాడు. "ఓహో. ఎవరో వెనుక నుంచి ఇంకో వైరు గుంజిండు. మంచి పనోడే, చేతి అతుకు తెలుస్తనే లేదు. గీ డబ్బలకు పోయింది వైరు. లోపల చార్జర్ ఏదో ఉన్నట్టుంది. చీప్ చార్జర్‌లు గిట్లనే గరగర పెడ్తయి. డబ్బ తెరువుండ్రి జర."

ముందు సీటుకు ఎదురుగా, రేడియోకు ఆనుకుని, కాగితాలు పెట్టుకునే డబ్బా అది. దానికి తాళం ఉంది.

"తాళంచెయ్యి పోయింది," అంది కోడలు.

"ఫికర్ లేదు, స్క్రూడ్రైవర్ పెట్టి..."

"ముట్టకు!"

ఆ కేకకు పక్క షాపు వాళ్లు కూడా తిరిగి చూశారు. షాపాయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. కోడలు అతని చేతిలోంచి ఫ్యూజు తీసుకుని తానే దాని చోటులో నొక్కింది. గరగర మళ్లీ మొదలైంది. సంకటి ఆమె మునిగిపోయింది.

ఆ చిన్న తాళంచెవి ఎక్కడుందో నాకు తెలుసు. నా కొడుకు కట్టిన తాళి తీసేశాక ఆమె మెడలో గొలుసు ఒకటి మిగిలింది. దానికి ఒక సిలువ, దాని పక్కన ఒక ఇత్తడి తాళంచెవి. అది పెట్టెదేమో అనుకుంటూ వచ్చాను. డబ్బాలో ఏముందో కూడా అప్పుడే తెలిసిపోయింది. దిగే ముందు నా కొడుకు ఫోన్ పెట్టేది ఎక్కడ? కారులోనే. బాయి గేటు బయట నిలిపిన ఈ కారులో, ఈ డబ్బాలోనే.

తెలిస్తే భయం పోవాలి. పోలేదు. చనిపోయిన మనిషి ఫోను ఆ చీకటి డబ్బాలో, తాళం వెనకాల, వాడే గుంజిన వైరుతో తిండి తింటూ ఇంకా బతికే ఉంది. నేను ఆ కారులో దాని ముందే మోకాళ్లు పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మరునాడు ఆమె డ్యూటీకి బయల్దేరితే నేనూ ఎక్కాను. ఎందుకని ఆమె అడగలేదు. కొత్త పుల్ల వల్ల రేడియో కొంచెం మెరుగ్గా పలికింది, అంతే. సాయంత్రం అడవిలోకి వచ్చాం. మలుపు ఇంకా ముందుందనగా ఎడమ వైపు చెట్ల కింద ఖాళీ జాగా కనిపించింది.

"గా చెట్ల కిందికి తీస్కపో. రోడ్డు మీద కాదు. గక్కడ ఆపు," అన్నాను.

ఆపింది.

"తాళంచెయ్యి ఇయ్యి."

"అత్తమ్మా..."

"నీ మెడల ఉన్నది. నేను ముసల్దాన్నే, గుడ్డిదాన్ని కాదు."

ఆమె స్టీరింగు వదిలింది. తర్వాత గొలుసు మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. తాళంచెవి ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది. డబ్బా తెరిచాను. లోపల నా కొడుకు చేతిరుమాలు, దాని మీద వాడి మీటల ఫోను, పక్కన చార్జర్ మీద ఎర్ర దీపం. అంతే. ఆ ఎర్ర దీపం వెలుతురులో డబ్బా లోపలంతా బాయి లోపలిలా కనిపించింది.

"దీన్ని ఎందుకు తియ్యలే?" అన్నాను.

"నువ్వే చెప్పినవ్ గదా. దిగిన మనిషి పైన ఇడిసినయి ఎవ్వరు ముట్టద్దని. చెప్పులు గూడ జరపద్దని. తనే వచ్చి తీస్కోవాలె అని."

చెప్పాను. మా బాయి కుటుంబాల్లో అందరూ చెబుతారు. దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చే ల్యాంపు రూము ముందు విడిచిన చెప్పులు వర్షంలో తడుస్తున్నా ఇంకొకరు పక్కకు పెట్టరు. ఆ పిల్ల కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వాడి టిఫిన్ సంచి లోపల పెడుతుంటే నేనే కోప్పడ్డాను. అలాంటి మాటలు కొడుకు బతికి ఉన్నప్పుడు చెప్పినవి. చనిపోయాక వాటిని వెనక్కి తీసుకోవాలని నాకు తట్టలేదు, ఎవరికి తడుతుంది?

"పైకి రాంగనే మొదలు ఫోనే చేస్తడు గదా," అంది. "బ్యాటరీ అయిపోతే ఎట్ల చేస్తడు?"

ఆ పిల్ల చదువుకున్నది. రోజూ శవాలను కూడా చూసే ఉద్యోగం. అయినా ఆ మాట అంది. నేను ఆమెను పిచ్చిదని అనుకోలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"నీ ఫోన్‌ల నుంచి దీనికి చెయ్యి," అన్నాను.

చేసింది. ముందు రేడియోలో వచ్చింది: ట్టక్, ట్టక్, ట్టక్. ఆగి, ట్టక్, ట్టక్, ట్టక్. ఆ తర్వాతే నా చేతిలో ఫోను వణికి మోగింది. చిన్న తెర వెలిగింది. నలభై దాటాక కాలనీ బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. నా ఇంట్లో నేను చదవలేని వస్తువు ఉండొద్దని వాడితో గొడవపడి అందులో పేర్లన్నీ తెలుగులో పెట్టించాను. తెర మీద 'ఇల్లు' అని ఉంది, కోడలి నంబరుకు వాడు పెట్టుకున్న పేరు. ఇల్లు పిలుస్తోంది. అంతకన్నా చల్లటి అక్షరాలు నేను చదవలేదు.

"చూసినవా?" అన్నాను. "ఫోనే. షాపాయన చెప్పినట్టు ఫోనే."

"నాకు ఎరుకే అత్తమ్మా," అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"మొదటి నుంచి ఎరుకే. ఆస్పత్రి నుంచి బయల్దేరే ముందల రోజు దీనికి ఒక మిస్డ్ కాల్ ఇస్త, వస్తున్న అని. నేను చేస్తే గట్ల కొడ్తదని తెలుసు." ఫోను మోగడం ఆగిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "గానీ గా మలుపుల నేను చెయ్యను గదా. నా ఫోన్ బంద్ ఉంటది. మరి ఎవలు చేస్తున్నరు? ఎవలో చేస్తున్నరు, అందుతలేదు. గందుకే ఆగుతున్న. ఆగితె అందుతదేమో అని."

ఇంతలో నా చేతిలోని ఫోను, తెర చీకటిగానే ఉండగా, ఎవరూ పిలవకుండానే రేడియోలో కొట్టింది. మూడు. ఆగి, మూడు. ఫోను మోగలేదు. అరచేతిలో చిన్న వేడి, అంతే. ఆమె ఆ తెరను చూస్తున్న చూపు నేను మళ్లీ చూడదలుచుకోలేదు.

టవర్లు అని చెప్పొచ్చు. షాపాయన తర్వాత అదే చెప్పాడు. అడవిలో ఒక టవరు వదిలిపోయి ఇంకొకటి దొరికే చోట ఫోను తనంతట తానే గట్టిగా వెతుక్కుంటుందట, ఆ మలుపు అలాంటి చోటట. కానీ అప్పుడు నాకు టవర్ల సంగతి తెలియదు. తెలిసినా ఆ పిల్లకు అది చాలేది కాదు. అందుకని వాదించలేదు. నాకు తోచింది అన్నాను.

"ఎవలన్న కానీ బిడ్డా. వానిదే అనుకుందాం. వాడు పైకొస్తే యాడికి వస్తడు? గీ అడివికా? గీ మలుపుకా?"

ఆమె తల తిప్పి మలుపు వైపు చూసింది.

"ఇంటికొస్తడు. వాని జిందగీల ఒక్కసారన్న షిఫ్టు ఇడిసినంక ఇంటికి రాకుండ యాడనన్న పోయిండా? మరి వాని ఫోన్ ఇంట్ల ఉండాలె గానీ తోవల ఎందుకు? నువ్వు గిట్ల తోవల కూసుంటె ఏ లారోనికో దొరుకుతవ్. ఇంతల వాడు వచ్చి తలుపు కొడ్తడు. లోపల ఎవ్వరుండరు."

ఆమె ఏడ్చింది. అప్పటిదాకా ఏడ్వలేదని కాదు, నా ముందు ఏడ్వలేదు. నేను ఫోను రుమాలులో చుట్టి నా కొంగులో ముడి వేసుకున్నాను. చార్జర్ వైరు మాత్రం నాకు పీకడం చేత కాలేదు. ఆమే పీకింది. ఎర్ర దీపం ఆరిపోయింది. గరగర తెగి, ఎవరో మగమనిషి రేపు వాన ఉంటుందని చెప్పాడు. ఆ గొంతు అంత స్పష్టంగా వస్తుంటే మేమిద్దరం ఉలిక్కిపడ్డాం, కారులో మూడో మనిషి ఎక్కినట్టు. కారు రోడ్డెక్కింది. తెల్ల రాయి వచ్చింది. కోడలు వేగం తగ్గించింది.  మలుపు తిరిగింది, ఆపలేదు.

ఇప్పుడు ఆ ఫోను మా వంటింట్లో గూట్లో ఉంది, నా పాత రేడియో పక్కన. చార్జర్ అక్కడే. కోడలు పొద్దున డ్యూటీ ఊరికి చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ముందు నా రేడియో కొడుతుంది, తర్వాత ఫోను ఒక్కసారి మోగి ఆగుతుంది. చేరిందన్నట్టు. అప్పుడు నేను టీ పెట్టుకుంటాను. సాయంత్రం బయల్దేరే ముందు ఇంకొకటి. వాడకట్టు ఆమె బస్సులో వస్తూ మలుపు దగ్గర ఇప్పుడు కూడా మెడ చాచి చూస్తుందట. "నీ కోడలు బస్సును దాటుకుంట పోతున్నది వదినా, జర నిమ్మలంగ పొమ్మను," అని మొన్న ఫిర్యాదు చేసింది.

కారు రేడియో బాగుంది. పత్తికి పురుగు మందు ఎప్పుడు కొట్టాలో తప్ప ఇంకేం చెప్పడం లేదని కోడలు విసుక్కుంటుంది. బంద్ మాత్రం చేయదు.

నస్పూర్‌లో టవరు దగ్గరే ఉంది కాబట్టి ఇంట్లో ఆ ఫోను ఊరికే కొట్టదని షాపాయన అన్నాడు. ఆయన సగం తప్పుతాడని ముందే చెప్పాను. కొన్ని రోజులు, షిఫ్టు ముగిసే వేళ, కోడలు ఇంకా బయల్దేరనే లేదు, ఎవరూ పిలవలేదు, నేను పొయ్యి దగ్గర ఉంటాను. రేడియోలో వస్తుంది. ఒకటి. రెండు.

నేను స్టవ్ చిన్నగా చేసి, మూడోది వచ్చేదాకా నిలబడతాను. తర్వాత పోయి తలుపు గడియ తీసి ఉంచుతాను. కోడలు ఎలాగూ వస్తుంది కదా.